జల్లెడ పట్టిన మట్టి మీద కలివికోడి లెక్క

కడప జిల్లాలో సిద్ధవటం, బద్వేలు మధ్య లంకమల కొండల దిగువన పొద అడవి ఉంది. కలివి, రేగు, పరికి, తుమ్మ. కింద గులకరాళ్ల నేల. 2000 ప్రాంతంలో ఒక యువ పరిశోధకుడు ఆ పొదల సందుల్లో మట్టి పరుస్తూ తిరిగాడు. మామూలు మట్టి కాదు. రాయీ రప్పా, పుల్లా పుడకా పోయేలా జల్లించిన సన్నమట్టి. దాన్ని ఐదు మీటర్ల పొడవున పట్టీలా పోసి, కళ్లం అలికినంత నున్నగా చదును చేయడం, తెల్లారాక వెళ్లి రాత్రి దాని మీదుగా ఎవరు నడిచారో చూడటం. చూసి, రాసుకుని, మళ్లీ చదును చేయడం. ఇంతే పని. ఇలా నెలల తరబడి.

ఆయన పేరు పి. జెగనాథన్. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున పనిచేశారు. వెనక అసద్ రహమానీ, బ్రిటన్ పక్షి సంరక్షణ సంస్థ ఆర్.ఎస్.పి.బి. నుంచి రీస్ గ్రీన్, క్రిస్ బౌడెన్, రీడింగ్ విశ్వవిద్యాలయం నుంచి కెన్ నోరిస్ వంటివాళ్లు ఉన్నారు. ఆ పట్టీల కథను 2002లో ‘ఓరిక్స్’ పత్రికలోనూ, వాటితో తేల్చిన సంగతులను 2004లో ‘జర్నల్ ఆఫ్ అప్లైడ్ ఎకాలజీ’లోనూ ప్రకటించారు. జనాభా జీవావరణ శాస్త్రం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను పాఠ్యపుస్తకం కన్నా ముందు ఈ రెండు వ్యాసాలే చూపిస్తాను. ఆ శాస్త్రంలోని మొదటి ప్రశ్నలన్నీ అక్కడ మట్టిలో కూర్చుని అడిగినట్టుంటాయి: ఎక్కడున్నాయి? ఎన్ని ఉన్నాయి? ఎందుకు అక్కడే ఉన్నాయి?

వాళ్లు వెతికింది కలివికోడిని. ఇంగ్లిషు వాళ్లు జెర్డాన్స్ కోర్సర్ అంటారు. సైన్యంలో వైద్యుడిగా ఉంటూ మన పక్షులను పరిశీలించిన టి.సి. జెర్డాన్‌కు దొరికిన ఈ పిట్టను 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ లోకానికి పరిచయం చేశాడు. కౌజుపిట్ట పాటి ఒళ్లు, ముక్కు కొస నుంచి తోక కొస దాకా సుమారు 27 సెంటీమీటర్లు, పెద్ద కళ్లు, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టెలు. శాస్త్రీయ నామంలోని ‘బైటార్క్వేటస్’ అనే మాటకు రెండు కంటెలు ఉన్నదని అర్థం. మనవాళ్లు మాత్రం మెడ చూడలేదు, నివాసం చూశారు. కలివి పొదల్లో తిరిగే కోడి కనుక కలివికోడి. ఈ పేరు పెట్టినవాళ్లకు ఆ పక్షి సంగతి బాగా తెలుసు. పొదకూ పిట్టకూ ఉన్న ముడిని తేల్చడానికి శాస్త్రవేత్తలకు 2004 దాకా పట్టింది.

పెన్న, గోదావరి పరీవాహకాల్లో అక్కడక్కడా కనబడిన ఈ పక్షి 1900లో అనంతపురం వైపు ఒకసారి కనిపించి, తర్వాత మాయమైంది. వెతికినవాళ్లు ఉత్తచేతులతో తిరిగి వచ్చారు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో, అంటే 86 ఏళ్లకు, కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే పిట్టల వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ అప్పటికే ఊరూరా బొమ్మ చూపిస్తూ తిరుగుతున్నాడు. కబురు సాలిం అలీ దాకా వెళ్లింది. ప్రపంచమంతా సంబరపడింది. ఆ పక్షి మాత్రం కొద్ది రోజులకే చనిపోయింది.

ఈ ఒక్క మరణాన్ని గుర్తుపెట్టుకుంటే తర్వాత వచ్చిన మట్టి పట్టీల పనితనం విలువ తెలుస్తుంది.

జంతువులను లెక్కపెట్టే పాత పద్ధతి ఒకటుంది. చెరువులో చేపలెన్నో తెలియాలంటే యాభై పట్టి, రెక్కకు గుర్తు వేసి వదిలేస్తారు. నాలుగు రోజులాగి నలభై పడతారు. వాటిలో పదింటికి గుర్తు కనబడితే, పట్టిన నాలుగింటిలో ఒకటి గుర్తున్నదని అర్థం. అంటే చెరువులో మొత్తం రెండొందల చేపలుండాలి. చక్కని పద్ధతి. చేపలకూ ఎలుకలకూ బాగా పనిచేస్తుంది. కానీ చేతికి చిక్కితే చచ్చిపోయే పక్షికి, అదీ లోకంలో ఎన్ని మిగిలాయో తెలియని పక్షికి, గుర్తు వేయడానికి ఎవరికి ధైర్యం వస్తుంది? పోనీ దూరం నుంచి చూసి లెక్కిద్దామా అంటే, అది పగలు పొద కింద కదలకుండా ఉంటుంది. తిరిగేది రాత్రి. ఎగరడం కన్నా పరుగు ఎక్కువ. టార్చి పట్టుకుని రాత్రంతా తిరిగినా ఒకటీ అరా కనబడితే అదృష్టం.

మరి మిగిలిందేమిటి? అది నేల మీద నడుస్తుంది. ఈ ఒక్క సంగతిని పట్టుకుని మొత్తం పద్ధతిని నిలబెట్టారు. జాడ తీయడం రాయలసీమ పల్లెలకు కొత్త విద్య కాదు. తప్పిపోయిన ఎద్దు ఎటు పోయిందో గిట్టల అచ్చు చూసి చెప్పగల కాపరులు, వాగు ఇసుకలో కౌజు అడుగును చూసి ఉచ్చు వేసే వేటగాళ్లు ఇక్కడ ఎప్పుడూ ఉన్నారు. అయితే గులకరాళ్ల నేల మీద 27 సెంటీమీటర్ల పిట్ట అడుగు పడదు. అందుకే వాళ్లు అడుగు పడే నేలనే తయారుచేసి, పక్షి దారిలో పరిచారు. నాకు అన్నిటికన్నా ముచ్చట గొలిపేది ఈ ఆలోచనే. పిట్టను తాకలేదు, బెదరగొట్టలేదు, దాని రాత్రికి అడ్డం రాలేదు.

ఇక అచ్చును చదవడం. కలివికోడికి కాలికి మూడే వేళ్లు, వెనక వేలు లేదు. కౌజుకు వెనక వేలుంటుంది కాబట్టి అది మొదటే పక్కకు పోతుంది. మూడు వేళ్ల పిట్టలు ఇంకా ఉన్నాయి. పూరేడు లాంటి చిన్నవాటి అచ్చు మరీ బుల్లిది, పెద్దవాటి అచ్చు మరీ పెద్దది. ఆ మధ్యలో మిగిలిన వాటిని వేలి పొడవు, వేళ్ల మధ్య కోణం కొలిచి విడదీశారు. కంటితో చూసి ‘ఇదేలే’ అనుకోలేదు. ఆ పరిసరాల్లో తిరిగే ఇతర పక్షుల అడుగులతో పోల్చి చూశారు. అంతటితోనూ ఆగలేదు. వాటంతట అవే ఫొటో తీసే కెమెరాలను అమర్చారు. ఫలానా రాత్రి పట్టీ దాటింది కలివికోడేనా? ఫొటో ఉంది, అడుగూ ఉంది. రెండూ కలిశాక గానీ ఆ పద్ధతిని నలుగురి ముందు పెట్టలేదు.

పనిమంతుడైన కంసాలి తన తక్కెడను తానే ముందు పరీక్షిస్తాడు. ఇక్కడా అదే పని జరిగింది.

అసలు కష్టం దీని తర్వాత మొదలవుతుంది. ఒక పట్టీ మీద అచ్చు పడితే అక్కడ కలివికోడి ఉన్నట్టే. పడకపోతే? ఆ రాత్రి అది పక్క సందులోంచి పోయి ఉండవచ్చు. వాన పడి అచ్చు చెరిగి ఉండవచ్చు. మేకలు తొక్కి ఉండవచ్చు. ఎన్ని రాత్రులు ఖాళీగా ఉంటే ఆ చోట పక్షి లేదని చెప్పే హక్కు మనకు వస్తుంది?

దీన్ని అంకెల్లో పెట్టి చూద్దాం. ఇది నేను వేసే ఊహాలెక్క మాత్రమే. పక్షి ఉన్న చోట ఒక పట్టీ మీద ఒక రాత్రి అచ్చు పడే అవకాశం పదింట ఒకటి అనుకుందాం. అంటే అచ్చు పడకపోయే అవకాశం పదింట తొమ్మిది. ఇరవై రాత్రులు వరసగా ఖాళీగా ఉండే అవకాశం తొమ్మిది బై పదిని ఇరవైసార్లు హెచ్చిస్తే వస్తుంది: దాదాపు నూటికి పన్నెండు. ముప్పై రాత్రులైతే నూటికి నాలుగు. అప్పటికి గానీ ‘ఇక్కడ లేదు’ అనే మాటకు కొంచెం బలం రాదు. పట్టీలు పెంచితే రాత్రులు తగ్గించుకోవచ్చు. ఎన్ని పట్టీలు, ఎన్ని రాత్రులు అనేది ఇలా లెక్కగట్టుకోవాల్సిన విషయం. 1900 నుంచి 1986 దాకా మనం ‘లేదు’ అన్నది ఈ లెక్క లేకుండానే. కనబడలేదు కాబట్టి లేదన్నాం. అది అక్కడే ఉంది.

మరో సంగతి కూడా ఒప్పుకోవాలి. పట్టీ ఉనికిని చెబుతుంది, సంఖ్యను చెప్పదు. ఒకే పక్షి మూడు పట్టీలు దాటవచ్చు. అందుకే వాళ్లు అడుగులను కూడి ‘ఇన్ని పక్షులు’ అని ఎక్కడా అనలేదు. తమ పనిముట్టు ఏది కొలవగలదో దాన్నే కొలిచారు. అంతర్జాతీయంగా ఈ పక్షికి ఇస్తూ వచ్చిన అంచనా 50 నుంచి 249 పెద్ద పక్షులు. యాభైకీ రెండొందల నలభై తొమ్మిదికీ మధ్య ఉన్న ఆ దూరాన్ని చూస్తే మనకు తెలిసింది ఎంత తక్కువో అర్థమవుతుంది. దాన్ని చూసి చిన్నబుచ్చుకోనక్కర్లేదు. తెలియనిది ఎంతో అంకెలో రాసిపెట్టడం కూడా శాస్త్రమే.

ఉనికి తెలిస్తే మాత్రం ఏం లాభం అంటారా? చాలా ఉంది. పట్టీలు పరిచిన ప్రతి చోటా పొదలను కూడా లెక్కపెట్టారు. మనిషెత్తు దాటినవి, అంటే రెండు మీటర్ల పైవి ఎన్ని, ఆలోపువి ఎన్ని అని. అడుగులు ఎక్కువగా పడ్డ చోట్లను ఈ లెక్క పక్కన పెట్టి చూస్తే ఒక క్రమం బయటపడింది. హెక్టారుకు పెద్ద పొదలు 300 నుంచి 700 దాకా, చిన్న పొదలు 1000 లోపు ఉన్న చోటే కలివికోడి ఎక్కువ తిరుగుతోంది. మన ఎకరాల్లో చెప్పుకుంటే ఎకరానికి 120 నుంచి 280 పెద్ద పొదలు, 400 లోపు చిన్న పొదలు. పెద్ద పొదకూ పెద్ద పొదకూ మధ్య సుమారు నాలుగు నుంచి ఆరు మీటర్ల సందు. దాక్కోవడానికి నీడ దగ్గర్లో ఉండాలి. పరుగెత్తి చెదలూ చీమలూ ఏరుకోవడానికి నేల ఖాళీగా ఉండాలి. ఈ రెంటి మధ్య ఒక కొలత ఉంది. ఆ కొలత మనిషి చేతిలో ఉంది.

ఇదెలాగంటే, పొదలను పూర్తిగా నరికి దున్నేస్తే పక్షి పోతుంది. ఇది అందరికీ తెలుసు. అసలు గొడ్డలే పడక, మేకలే మేయక పొదలు కమ్ముకుపోయినా పరుగెత్తే పక్షికి చోటుండదు. కట్టెలకు వచ్చేవాళ్లు, జీవాల కాపరులు మితంగా వాడుకునే అడవే బహుశా దానికి తగిన అడవి అని ఆ అధ్యయనం సూచించింది. అడవి చుట్టూ కంచె కట్టి మనుషులను వెళ్లగొడితే చాలనుకునేవాళ్లు ఇది చదవాలి. ఒక చోటు ఎన్ని ప్రాణులను మోయగలదో దాన్నే ఆ చోటి మోయగల శక్తి అంటారు. అది నేలలో పాతిన రాయిలాంటిది కాదు. ఈ ఏడు పడ్డ వాన, ఈ ఏడు మేసిన మేక, ఈ ఏడు నరికిన రేగుచెట్టు దాన్ని కదుపుతూనే ఉంటాయి.

కర్నూలు వైపు దీనికి మరో సాక్ష్యం ఉంది. నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడు, ఇప్పుడు నంద్యాల జిల్లా. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పడిన అభయారణ్యం, కేవలం 614 హెక్టార్లు. బట్టమేక గడ్డిమైదానాల పక్షి. నిలబడితే మీటరు ఎత్తు, ఎండలో కనబడుతుంది. దాన్ని లెక్కించడానికి మట్టి పట్టీలు అక్కర్లేదు. దాని కష్టం వేరు. సాధారణంగా ఒక విడతకు ఒకే గుడ్డు. జనాభా లెక్క పైకి చాలా తేలిక: పుట్టినవి, బయటి నుంచి వచ్చినవి కూడాలి, చచ్చినవి, వెళ్లిపోయినవి తీసేయాలి. ఎలుకకు ఆ కూడికలో పదులున్నాయి. బట్టమేకకు ఒకటి. ఒక కుక్క తిన్న గుడ్డు, ఒక కరెంటు తీగ తగిలిన ఆడపక్షి చాలు, ఆ ఏటి కూడిక తీసివేతగా మారిపోతుంది. రోళ్లపాడులో ఒకప్పుడు వానాకాలంలో చూడగలిగిన మగ బట్టమేక నాట్యం క్రమంగా అరుదైపోయింది. అదే కంచెలో, అదే రక్షణలో, కృష్ణజింకలు మాత్రం పదుల నుంచి వందలయ్యాయి. పెరిగిన మంద చుట్టుపక్కల చేలల్లో పడి పంట మేసింది. రైతులకు జింకల మీదా, ఆ జింకలను కాచిన అభయారణ్యం మీదా కోపం వచ్చింది. బట్టమేక మీద వాళ్లకు ఏ పగా లేదు. కానీ ఆ కోపం బరువు దాని మీదే పడింది. ఒకే చోట, ఒకే కాపలా కింద ఒక జనాభా ఉబ్బింది, ఇంకొకటి ఇంకింది. తేడా అవి పిల్లల్ని కనే వేగంలో, కావలసిన నేల విస్తీర్ణంలో ఉంది.

కలివికోడి ఆ కూడికలో ఎక్కడ నిలుస్తుందో చెప్పడానికి గుడ్డు లెక్క కావాలి. ఈ పక్షిదని తేలిన గుడ్డు లోకంలో ఒక్కటే వెలుగులోకి వచ్చింది. 1917లో కోలార్ బంగారు గనుల ప్రాంతంలో సేకరించినది. స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఏళ్ల తరబడి పెట్టెలో ఉండి, 2013లో బయటపడింది. డీఎన్ఏ పరీక్ష చేసి అది కలివికోడిదేనని నిర్ధారించారు. మన పొదల కింద ఉండాల్సిన గుడ్డు సముద్రాల అవతల మ్యూజియంలో ఉంది. దీన్ని తలచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

మట్టి పట్టీలు ఒట్టి పాండిత్యంగా మిగిలిపోలేదు. తెలుగుగంగ కాలువ లంకమల ప్రాంతం గుండానే పోవాల్సి ఉండింది. 2005లో కలివికోడి తిరిగే పొద అడవిలోకి తవ్వకం వచ్చింది. ఈ పక్షి ఎక్కడ నడుస్తుందో అప్పటికే అడుగుల సాక్ష్యం కాగితం మీద ఉంది కాబట్టే పరిశోధకులు గట్టిగా మాట్లాడగలిగారు. పని ఆగింది, కాలువ దారి మారింది. సీమలో కాలువ అంటే ఏమిటో తెలిసినవాడిగా నేను ఆ నీళ్లను తేలిగ్గా తీసుకోలేను. గుక్కెడు నీటి కోసం బోరు మీద బోరు వేసి అప్పులపాలైన ఊళ్లు ఇవి. నీళ్లు కావాలి, పక్షీ కావాలి. రెండూ కావాలంటే ఎక్కడ తవ్వకూడదో అడుగు దూరంతో సహా తెలిసి ఉండాలి. ఆ తెలివిని ఇచ్చింది జల్లెడ పట్టిన మట్టే. ఎక్కడుందో తెలియని పక్షికి దారి మళ్లించమని ఏ ఇంజనీరునూ అడగలేం.

అడుగుల తర్వాత గొంతు దొరికింది. జెగనాథన్, సైమన్ వాటన్ కలిసి ఈ పక్షి కూతను మొదటిసారి రికార్డు చేసి 2004లో ప్రకటించారు. రెండక్షరాల కూత, ఒకటి తర్వాత ఒకటిగా చాలాసార్లు. పొద్దుగూకి చీకటి పడ్డ కాసేపటికి ఎక్కువగా వినిపిస్తుంది, తర్వాత సద్దుమణుగుతుంది. ఆ కూతను టేపులో వినిపించి, బదులు వస్తుందేమో చూడటం ఇంకో పద్ధతి అయింది. ఎక్కువ చోట్ల తక్కువ రాత్రుల్లో వెతకడానికి ఇది అనువైనది. అయినా నా మొగ్గు మట్టి పట్టీ మీదే. కూతకు పక్షి బదులు పలకాలి. అడుగుకు దాని ఒప్పుదల అక్కర్లేదు, నడిస్తే చాలు.

2010 తర్వాత చాలా ఏళ్లు లంకమలలో కలివికోడి రూఢిగా కనిపించలేదు. పోయిందన్న మాట మళ్లీ మొదలైంది. 1900 తర్వాతా ఇదే మాట అన్నాం. ఎన్ని పట్టీలు, ఎన్ని రాత్రులు, ఎన్ని చోట్ల చూశాం అని అడగకుండా ఈసారి ఆ మాట అనకూడదు.

సిద్ధవటం, బద్వేలు, అట్లూరు వైపు ఊళ్లలో ఉన్నవాళ్లకు ఒక మనవి. పొద్దుగూకాక, జీవాలను దొడ్డికి తోలే వేళ దాటి చీకటి చిక్కబడ్డాక, కలివి పొదల్లోంచి రెండక్షరాల కూత ఆగి ఆగి వినబడితే టార్చి పట్టుకుని వెంట పడకండి. తేదీ, వేళ, చోటు ఒక కాగితం మీద రాసుకుని తెల్లారాక అటవీశాఖ వాళ్లకు చెప్పండి.